గోరన్, యోరాన్, అల్లుడుగారు

మా అక్క కూతురి పెళ్లికి అబూధాబి వెళ్లొచ్చాను. కలిసిన ప్రతివాళ్లూ బంగారం కొన్నావా, ఒంటె ఎక్కావా అని అడుగుతున్నారు. బంగారం కొనలేదు. ఒంటెను కారు కిటికీలోంచి చూశాను, అది నన్ను చూసి మొహం తిప్పుకుంది. వెళ్లని వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఉన్న విశేషం వేరే. స్వీడన్ వాళ్ల పేర్లు ఎలా పలకాలో నేర్చుకొని వచ్చాను. అరబ్బు దేశం వెళ్లి స్వీడన్ పేర్లు నేర్చుకోవడమేమిటి తల్లీ అని నవ్వకండి. నేర్చుకోవడం వరకు గర్వంగానే ఉంది. ఆ విద్యను ఎక్కడ ప్రదర్శించానో గుర్తొస్తేనే చెవులు వేడెక్కుతాయి.

సంగతేమిటంటే, మా అక్క కూతురు మాధవి ఖోర్ ఫక్కాన్ రేవులో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడే ఓడల మీది పెట్టెలు దించే క్రేన్లకు ఇంజనీరుగా ఉన్న స్వీడన్ కుర్రాణ్ణి ఇష్టపడింది. మా బావగారు ఏడాదిపాటు ఉలకలేదు, పలకలేదు. చివరికి "చేసుకోండి" అన్నారు గానీ, కన్యాదానానికి పీటల మీద కూర్చుంటానని మాత్రం అనలేదు. అక్క ఫోన్ చేసింది. "నువ్వు ముందే రావే. నీ నోటికి మీ బావ కాస్త జంకుతాడు. తండ్రి కూర్చోకపోతే ఆ పిల్ల జీవితాంతం కుళ్లి ఏడుస్తుంది" అంది. నెల్లూరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికేదాన్ని, వాదించడం నాకు వృత్తి, వ్యసనమూను. సెలవు పెట్టి విమానమెక్కాను.

విమానంలో

నా పక్క సీటులో జగిత్యాల వైపు లింగయ్య. రెండేళ్లకోసారి ఇంటికొచ్చి పోతుంటాడట. ఇల్లు కట్టే పని. మాటల్లో వాళ్ల ముదీర్ సంగతి వచ్చింది. ముదీర్ అంటే మేనేజరు.

"నన్ను లింగయ్య అనరాదు ఆయనకు. నింగా, నింగా అంటడు" అన్నాడు నవ్వుతూ.

"మరి సరిదిద్దవా?"

"దిద్దితే ఏమొస్తది మేడం? పిలుస్తడు, పోత. పని చెప్తడు, చేస్త. ఖలాస్."

నాకు ఒళ్లు మండింది. పేరంటే మనిషి గౌరవమనీ, తప్పుగా పిలిస్తే బదులు పలికేవాడిది కూడా తప్పేననీ, బ్రిటిష్ వాళ్లు మన ఊళ్ల పేర్లన్నీ ఇలాగే పాడుచేశారనీ చాలాసేపు చెప్పాను. లింగయ్య చేతులు కట్టుకొని విన్నాడు.

"మేడం, మీరు టీచరా?"

"అవును. ఎలా తెలిసింది?"

"ఊకెనే" అని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. దిగేదాకా తీయలేదు.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ

పేరంత పొడుగున ఉంటుంది అబూధాబి శివార్లలోని ఈ ఊరు కూడా. ఎటుచూసినా సగం కట్టిన విల్లాలు, మధ్యలో ఇసుక. బయటినుంచి చూస్తే మా అక్కది జమీందారీ బంగళా. లోపలికి వెళితే తెలుస్తుంది, ఒక్కో విల్లాను చెక్క గోడలతో ముక్కలు చేసి కాపురాలకు అద్దెకిస్తారని. పక్కవాళ్లు పోపు వేస్తే వీళ్లకు తుమ్ములు. ఎదురింట్లో కడపవాళ్లు, వెనక మలయాళీలు. కూరల అంగడిలో మునక్కాడలు చూసి సంబరపడి ధర అడిగాను. నాలుగు కాడల కట్ట అయిదు దిర్హములు! మన లెక్కలో వంద దాటింది. మా పెరట్లో ఎండిపోయి రాలేవి గుర్తొచ్చి కట్ట తిరిగి పెట్టేశాను. అక్క మాత్రం రెండు కట్టలు తీసుకుంది.

బావగారు ముసఫ్ఫాలో యంత్రాల విడిభాగాల గోడౌన్ చూస్తారు. ఇరవై ఏళ్లుగా అదే పని. సాయంత్రం వచ్చీ రావడంతోనే గుమ్మంలో నన్ను చూసి, "వచ్చినావా మరదలా! యుద్ధానికేనా?" అన్నారు.

"సంధికి బావగారూ. ఒప్పుకోకపోతే యుద్ధానికే."

"అదీ సంగతి. ఏందబ్బా ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండాదే అనుకుంటున్నా ఇన్నాళ్లూ."

బావామరదళ్ల మధ్య ఇది మామూలే. అక్క పెళ్లిలో ఆయన చెప్పులు దాచిందీ నేనే, పానకంలో ఉప్పు కలిపిందీ నేనే. ఆయన్ను ఆట పట్టించడం నాకు లోకం రాసిచ్చిన హక్కు అనుకునేదాన్ని.

టీ తాగుతుండగా అసలు విషయం ఎత్తాను. "పెళ్లికొడుకు ఎలా ఉంటాడు బావగారూ?"

"ఎవరు, ఆ క్రేనాయనా? ఉంటాడు పొడుగ్గా."

"ఆ అబ్బాయికి పేరుంది."

"ఉంటే ఉండనీ. మన నోరు తిరిగే పేరా అది?"

"మీ గోడౌన్‌లో జర్మనీ బేరింగుల పేర్లకు తిరుగుతుంది కదా నోరు. తిరగనిది నోరు కాదు లెండి."

అక్క వంటింట్లోంచి నాకు సైగ చేస్తోంది, ఆపమని. బావగారు కోప్పడలేదు. గ్లాసు అడుగున మిగిలిన టీ వైపు చూస్తూ, "శుక్రవారం భోజనానికి రమ్మని చెప్పు. ఆ తల్లిని కూడా" అన్నారు. అంతే. కూర్చుంటాననీ లేదు, కూర్చోననీ లేదు. కానీ అక్క కళ్లు తుడుచుకుంది. ఏడాదిలో ఆయన నోట వచ్చిన మొదటి పిలుపు అది.

మసాఫీ

మర్నాడు మాధవి కారులో ఖోర్ ఫక్కాన్ తీసుకువెళ్లింది. దేశానికి ఈ చివర్నుంచి ఆ చివరికి. దుబాయ్ అద్దాల మేడలు దాటాక ఎర్ర ఇసుక, ఇసుక దాటాక హఠాత్తుగా కొండలు. గడ్డిపరక లేని కొండలు, కాల్చిన ఇటుక రంగులో. మసాఫీ దగ్గర రోడ్డు పక్కన బజారు. తివాచీలు, కుండలు, పండ్లు. పఠాన్ అంగడివాడు మామిడిపళ్లు చూపించి "ఇండియా, ఇండియా" అన్నాడు. మామిడిపండు కాలం కాదు కదా ఇది, నాకా చెబుతున్నావు అని హిందీలో దులిపేశాను. అతను నవ్వి, "బహెన్‌జీ, మీరు గెలిచారు" అని ఒక కమలాపండు ఊరకే ఇచ్చాడు.

గెలిచిన ఆనందంలో వెనకసీటు సంగతి చూడలేదు. పెళ్లివారికని తెచ్చిన గోంగూర సీసా మూత వదులై, నూనె సీటంతా పాకింది. మాధవి కారు, కొత్తది. "పర్లేదు పిన్నీ" అంది గానీ, ఖోర్ ఫక్కాన్ దాకా కిటికీలు దించే నడిపింది.

ఖోర్ ఫక్కాన్

వెనక కొండ, ముందు సముద్రం, మధ్యలో ఒంపు తిరిగిన చిన్న ఊరు. రేవులో నీలం క్రేన్లు కొంగల్లా నిలబడి ఉంటాయి. పెళ్లికొడుకు ఉండే ఫ్లాటు కిటికీలోంచి అవే కనిపిస్తాయి. తలుపు దగ్గరే చెప్పులు విప్పమన్నాడు. తెల్లవాళ్లు బూట్లతో మంచమెక్కుతారని విన్నాను. వీళ్లు కాదట, స్వీడన్‌లో ఇంట్లోకి చెప్పులతో వస్తే అనాగరికుడి కిందే లెక్క. సగం చుట్టరికం అక్కడే కలిసింది.

తల్లి వారం ముందే వచ్చి ఉంది. అరవై దాటిన మనిషి, తెల్లటి పొట్టి జుట్టు, దిట్టమైన చేతులు. బళ్లో వడ్రంగం నేర్పేదట! "మీ పేరు కెర్స్టిన్ గారు కదా" అన్నాను, పెళ్లిపత్రికలో అక్షరాలు చూసి. ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. కెర్స్టిన్ కాదట, షెష్టిన్. కొడుకు పేరు గోరన్ కాదట, యోరాన్. పోయిన భర్త పేరు రాసేటప్పుడు కె, జె రెండూ ఉంటాయి, పలికేటప్పుడు షెల్. వాళ్ల ఊరు మన పటాల్లో గోథెన్‌బర్గ్, వాళ్ల నోట యోతెబొరి.

ఇది పిచ్చి అనుకుంటారు మీరు. నేనూ అనుకున్నాను. ఆవిడ కాగితం మీద రాసి చూపిస్తే అర్థమైంది, ఇందులో ఒక పద్ధతి ఉంది. వాళ్ల గ, క అనే హల్లులు అ, ఓ, ఊ ముందు గట్టిగా నిలబడతాయి, ఇ, ఎ లాంటి అచ్చులు వస్తే మెత్తబడి య, ష అయిపోతాయి. మనం మాత్రం? 'చాప'లో చ, 'చీర'లో చ ఒకటేనా? ఎవరూ నేర్పకుండానే మార్చి పలుకుతున్నాం కదా. ఇక యోరాన్‌లోని ఆ 'యో' అచ్చమైన యో కాదు. పెదవులు ఓ అనడానికి చుట్టాలి, లోపల నాలుక ఏ అనాలి, అందుకే దాని ముందున్న గ కూడా మెత్తబడింది. చుట్టిన పెదవులు వదలకూడదు. అద్దం ముందు ప్రయత్నించండి, ఎవరూ లేనప్పుడు.

నేను ఆ పూటంతా సాధన చేశాను. సముద్రం ఒడ్డున నడుస్తూ యోరాన్, యోరాన్ అంటుంటే, టీ అమ్మే మలయాళీ ఏదో పడవవాణ్ణి పిలుస్తున్నాననుకొని తనూ గొంతు కలిపాడు. ఒక దిర్హముకు చిక్కటి టీ, వాయిదాల మీద తాగాల్సినంత తీపి. షెష్టిన్ తెచ్చిన రొట్టెల్లో ఏలకుల వాసన, అచ్చం మన పాయసంలా. ఇంకో సీసాలో చేపల ఊరగాయ, అందులో పంచదార! అది తిన్నాక నా గోంగూర కారిపోయినందుకు ఆవిడకోసం బాధపడ్డాను.

'గారు' అనవద్దంది ఆవిడ. "మా దగ్గర మంత్రినైనా పేరుతోనే పిలుస్తాం."

"మా దగ్గర కట్టుకున్నవాడి పేరు కూడా ఎత్తం" అన్నాను.

"మరి ఎలా పిలుస్తారు?"

"దగ్గుతాం." ఆవిడ చాలాసేపు నవ్వింది.

యోరాన్ తక్కువ మాట్లాడే పిల్లవాడు. నన్ను కారు దాకా సాగనంపుతూ, తడబడుతూ అడిగాడు. "మాధవి నాన్నగారు నన్ను ఏమని పిలుస్తారు?"

'క్రేనాయన' అని చెప్పలేను కదా. "శుక్రవారం నువ్వే వింటావుగా" అన్నాను.

"పేరుతో పిలిస్తే చాలు. మా వైపు బిరుదు పెట్టి పిలిచేది పోలీసులూ, కోర్టులూ. ఇంటివాళ్లు పేరు పెట్టి పిలుస్తారు."

శుక్రవారం భోజనం

బావగారు తెల్లారకుండానే మీనా చేపల బజారుకు వెళ్లి వంజరం తెచ్చారు. తనే దగ్గరుండి ముక్కలు కొట్టించారట. పులుసు మా అక్క పెట్టింది, చింతకాయా మామిడికాయా పడ్డ మా నెల్లూరు పులుసు. దాని వాసనకు ఎదురింటి కడపవాళ్లు కూడా ఓసారి తొంగిచూశారు. కింద చాపలు పరిచాం. యోరాన్ మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు. షెష్టిన్ మాత్రం చక్కగా మఠం వేసుకు కూర్చుంది.

ఆ రోజు వడ్డన బావగారే పట్టుకున్నారు. ఆయన ఇంట్లో గరిటె ముట్టగా నేను చూడలేదు. యోరాన్ ఆకు ముందుకు వచ్చి, చేప తల తీసి వేశారు. మా ఇళ్లలో తలకాయ ఇంటి మగపిల్లవాడి వాటా. వేసి, కొంచెం వంగి, గొంతు సవరించుకొని, "గోరన్, ఇంకాస్త పులుసు ఏసుకో నాయనా" అన్నారు.

అక్క చేతిలో అన్నం గిన్నె అలాగే ఆగిపోయింది. మాధవి తల ఎత్తింది. ఆ కుర్రాడికి మాటలు తెలియకపోయినా పేరు తెలిసింది, మొహం ఎర్రబడింది, రెండు చేతులా ఆకు ముందుకు జరిపాడు.

అప్పుడు నేను నోరు తెరిచాను.

"గోరన్ ఏంటి బావగారూ, గోరింటాకు లాగా! యోరాన్. ఏదీ, పెదవులు ఇలా చుట్టండి. లోపల ఏ అనండి. యో... రాన్!"

పెదవులు చుట్టి చూపించాను కూడా. మాధవికి నవ్వు ఆగలేదు. షెష్టిన్ నా ఉచ్చారణకు ముచ్చటపడి చప్పట్లు కొట్టింది. నేను ఇంకా రెచ్చిపోయాను.

బావగారూ నవ్వారు. "ఏం టీచరమ్మా, నాకు పాస్ మార్కులైనా లేవా?"

"సున్నా!" అన్నాను.

నవ్వు ఆయన మొహం మీద కాసేపు అలాగే ఉంది, ఎవరో తీయడం మరిచిపోయినట్టు. గరిటె గిన్నెలో పెట్టారు. "శారదా, అల్లుడుగారికి పులుసు ఏయి" అని అక్కకు చెప్పి, చేయి కడుక్కుని, గోడౌన్‌లో సరుకు లెక్క ఉందని వెళ్లిపోయారు. శుక్రవారం గోడౌన్ తెరవరు.

చుట్టాలు వెళ్లాక అక్క అంట్లు తోముతూ నా వైపు చూడకుండా మాట్లాడింది.

"రెండు రోజుల్నించీ బాత్రూములో తలుపేసుకొని అనుకుంటున్నాడే ఆ పేరు. బయటికి వినపడకుండా కొళాయి తిప్పుకొని."

నేను తోమిన గిన్నెలు అందుకొని బోర్లిస్తున్నాను.

"మన నాన్న ఈయన్ను ఏనాడైనా పేరు పెట్టి పిలిచాడా? అల్లుడుగారూ, అల్లుడుగారూ. పోయేనాటి దాకా అదే. మర్యాదే, కాదనను. ఈయనకు తండ్రి లేడు కదా. మీ నాన్న ఒక్కసారి 'ఒరే' అని పిలిస్తే బాగుండేది శారదా, ఎప్పుడూ నన్ను చుట్టంలా పెళ్లిపందిట్లోనే కూర్చోబెట్టాడు అనేవాడు. నా అల్లుణ్ణి మాత్రం కొడుకును పిలిచినట్టు పిలుస్తానని పెళ్లైన కొత్తలోనే అన్నాడు. తీరా చూస్తే ఇట్లాంటి పేరున్న అల్లుడు వచ్చాడు. నోరు తిరగలేదు ఏడాదిపాటు. ఇవాళ తిరిగింది."

కొళాయి కట్టేసి అంది, "నీకు ఇంగ్లీషొచ్చు. అన్నీ వచ్చు."

సాయంత్రం ఆయన వచ్చాక గుమ్మంలోనే పట్టుకున్నాను. "నేనేదో సరదాకి... మీరు ఎలా పిలిస్తే అదే ఆ అబ్బాయి పేరు బావగారూ."

"ఏం తప్పు లేదమ్మా. తెలియంది తెలియజెప్పినావు. నలుగురిలో పీటల మీద తప్పు పలికుంటే మాధవికి తలవంపులు కదా" అన్నారు నెమ్మదిగా.

మరదలా అనలేదు. అమ్మా అన్నారు. ఆయన తిట్టి ఉంటే నేనూ నాలుగు అని ఉందును. వాదించడానికి ఏమీ మిగల్చలేదు.

దుబాయ్‌లో పెళ్లి

దుబాయ్‌లో ఒక హోటలు హాలు అద్దెకు తీసుకొని మాంగల్యధారణ చేశారు. అరటిపిలకలు దొరకలేదని ప్లాస్టిక్‌వి కట్టారు. చూడ్డానికి అసలువాటికన్నా పచ్చగా ఉన్నాయి. బావగారు కూర్చున్నారు. పట్టుపంచె కట్టుకొని, అక్క పక్కన, నిటారుగా. మాధవి ఆయన్ను చూసి ఏడ్చింది. ఏ పని మీద నేను వెళ్లానో ఆ పని అయింది. అందరూ నన్నే మెచ్చుకున్నారు, నీ నోటి చలవ అని. ఆ మాట వినడం ఎంత కష్టమో చెప్పలేను.

గోత్రం లేనివాళ్లకు కాశ్యప గోత్రం చెబుతారు కదా, అలా మా స్వీడన్ కుర్రాడు కాశ్యపుడయ్యాడు. పంతులుగారు మూడు తరాల పేర్లు చదివారు. పోయిన షెల్ గారిని "కెజెల్ శర్మణః" అన్నారు. షెష్టిన్ భక్తిగా తల ఊపింది. నేను పళ్లు బిగించుకొని కూర్చున్నాను. కన్యాదానం మంత్రంలో వరుడి పేరు దగ్గరికి వచ్చేసరికి బావగారు ఆగారు. పెదవులు కొద్దిగా చుట్టారు. నేను చూశాను. చుట్టి, వదిలేసి, పంతులుగారి వైపు వంగి ఏదో అడిగారు.

"ఫరవాలేదండీ, వరాయ అంటే చాలు" అన్నారు పంతులుగారు.

"వరాయ" అన్నారు బావగారు.

భోజనాల దగ్గర యోరాన్ నా పక్కకు వచ్చాడు, పంచె జారకుండా ఒక చేత్తో పట్టుకొని. "అల్లుడుగారు అంటే ఏమిటి?"

"కూతురి భర్త. చాలా గౌరవం."

"ఆ రోజు భోజనం దగ్గర ఆయన నన్ను గోరన్ అన్నారు. నాకు చాలా బాగుంది. తర్వాత మళ్లీ అనలేదు. నేను ఏదైనా తప్పు చేశానా?"

"నువ్వు చేయలేదు బాబూ, నేను చేశాను" అన్నాను. ఎలా చేశానో కూడా చెప్పాను. మా నాన్న సంగతి, కొళాయి సంగతి అన్నీ. ఓపిగ్గా విన్నాడు.

"అయితే ఇప్పుడు నేనేం చేయాలి?"

జారుతున్న పంచె అంచు అందుకొని అతని చేతికిచ్చాను. సలహా అడిగితే నేను చెప్పకుండా ఉండటం మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

గుమ్మం దగ్గర

మధ్యాహ్నం మూడింటికి అందరం అబూధాబి తిరిగొచ్చాం. కొత్త జంటను గుమ్మంలో ఆపి, ఒకరి పేరు ఒకరు చెప్పాకే లోపలికి రానివ్వాలి. ఆ ఆట ఆడాల్సింది మరదళ్లు. మాధవికి చెల్లెళ్లు లేరు. నువ్వే ఆపవే అని అక్క నన్ను తోసింది. వద్దన్నాను. ఎదురింటి కడపవాళ్లు, వెనక మలయాళీలు అందరూ చేరారు. ఇక తప్పలేదు. రెండు చేతులూ తలుపుకు అడ్డం పెట్టి నిలబడ్డాను. నా వెనకే బావగారు.

"పేర్లు చెప్పి రండి" అన్నాను.

మాధవి సిగ్గుపడలేదు, ఈ కాలం పిల్ల. "నేను, మా ఆయన యోరాన్ వచ్చాం" అంది, అత్తగారు నేర్పినట్టే పెదవులు చుట్టి.

అతని వంతు. మాధవి కారులో నేర్పించినట్టుంది, ఒక్కో తెలుగు మాటా వెతుక్కుంటూ, నన్ను దాటి నా వెనకకు చూస్తూ గట్టిగా అన్నాడు. "నేను గోరన్. మాధవితో వచ్చాను."

షెష్టిన్ ఆశ్చర్యంగా కొడుకు వైపు తిరిగింది. గోరు అన్నప్పటి గో, మా నెల్లూరు గో, ఏ మెత్తదనమూ లేకుండా. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను వెనక్కి తిరిగాను. బావగారు అతన్ని చూడటంలేదు. నన్ను చూస్తున్నారు. సరిగ్గానే పలికాడా అని అడుగుతున్నట్టు, నేను ఏమంటానో అని వేచి ఉన్నట్టు చూస్తున్నారు.

సరిగ్గానే అన్నాడు బావగారూ అని ఒక్క మాట చాలు. అది చెప్పడానికి కూడా ఇక నేనెవరిని? చేతులు దించి పక్కకు తప్పుకున్నాను.

"రండి అల్లుడుగారూ" అన్నారు ఆయన. "ఎండలో నిలబెట్టేసినాం."